స్టడీ పూర్తయ్యేసరికి అడిగిన అధికారి బదిలీ అయ్యారు. ఇలాంటప్పుడు మధ్యలో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

సర్వేసంచి (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

పదకొండేళ్లుగా సర్వేల పనిలో ఉన్నాను. మొదట్లో ట్యాబ్ పట్టుకుని ఊళ్లు తిరిగేవాడిని. ఇప్పుడు సర్వేలు చేసే సంస్థలోనే ప్రభుత్వ శాఖలతో మాట్లాడే పని చేస్తున్నాను. యూనివర్సిటీ వాళ్లు తేల్చిన విషయాన్ని శాఖకి చెప్పాలి, శాఖకి వచ్చిన సందేహాన్ని పరిశోధకుల దగ్గరకి తీసుకెళ్లాలి.

ఒక శాఖ వాళ్లు అడిగితేనే ఓ స్టడీ మొదలుపెట్టాం. బేస్‌లైన్ (మొదటి సర్వే), ఎండ్‌లైన్ (చివరి సర్వే) అన్నీ ముగిసి 84 పేజీల రిపోర్టు చేతికొచ్చేసరికి, అడిగిన అధికారి బదిలీ అయి మూడు వారాలైంది. కొత్తగా వచ్చిన మేడమ్ మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించారు. రిపోర్టు మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు. ఆఖరి పేజీ దగ్గర ఆగి, "నేను ఏం ఆర్డర్ ఇవ్వాలో ఇందులో ఎక్కడుందండీ?" అని అడిగారు. నేనూ వెతికాను. ఎక్కడా లేదు. "ఈ అంశంపై మరింత పరిశోధన అవసరం" అని మాత్రం ఉంది.

దీని పక్కన 2018 నాటి రైతుబంధు సంగతి పెట్టి చూడండి. పంటకి ఎకరాకు 4,000 రూపాయల చెక్కు, 57 లక్షల మంది రైతులు. చెక్కు నిజంగా రైతు చేతికి చేరిందో లేదో రాజధానిలో కూర్చున్నవాళ్లకి తెలిసేదెలా? లాటరీ తీసి, కొన్ని మండలాల అధికారులకి ముందే చెప్పారు: మీ రైతులకి ఫోన్ చేసి కనుక్కుంటాం అని. ఆ ఒక్క మాటతో ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి రూపాయికీ పెట్టిన ఖర్చు నాలుగు పైసల లోపే. ఇది కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్, జెఫ్రీ వీవర్ చేసిన స్టడీ. పథకం ప్రకటించింది ఫిబ్రవరిలో, చెక్కులు పంచింది మేలో. పరిశోధన ఆ వేగాన్ని అందుకోగలిగిందంటే, శాఖలో ఎవరు ఏ రోజున ఏం నిర్ణయిస్తున్నారో తెలిసినవాళ్లు పక్కన ఉండబట్టే.

మా రిపోర్టు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. మా పనిలో లోపం ఎక్కడుందో తెలుసుకోవాలని రాస్తున్నాను. ప్రభుత్వంలో పనిచేసేవాళ్లు, బడుల్లో, పొలాల్లో ఈ సర్వేలకి జవాబులు చెప్పినవాళ్లు, ఎవరైనా సరే చెప్పండి.

నోట్‌ఫైల్ (వెలగపూడి)

ఆ మేడమ్ అడిగినదే నేనూ అడుగుతాను. ఇరవై రెండేళ్లుగా ఫైళ్లు చూస్తున్నాను, ఏ శాఖో చెప్పను.

బయటివాళ్లు పై అధికారికి పీపీటీ చూపించి, ఆయన "బాగుంది" అంటే పని అయిపోయిందనుకుంటారు. ఆ మాట కాగితం మీద లేదు. నోట్ పెట్టాల్సింది కింద ఉన్న మేము. అందులో నాలుగు సంగతులుండాలి. ఇప్పుడేం జరుగుతోంది, ఏం మార్చాలి, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది, చేసేదెవరు. ఆర్థిక శాఖ ఫైలు వెనక్కి పంపితే ఎక్కువసార్లు మూడో దాని దగ్గరే పంపుతుంది. మా దగ్గరకి వచ్చే రిపోర్టుల్లో మొదటి రెండు ఎనభై పేజీలుంటాయి, మూడోది, నాలుగోది అసలే ఉండవు.

ఇంకోటి, బడ్జెట్ ప్రతిపాదనలు చలికాలంలోనే వెళ్లిపోతాయి. మీరు ఉగాదికి రిపోర్టు తెస్తే ఎంత మంచిదైనా ఇంకో ఏడాది బీరువాలో ఉండాల్సిందే. ఆ ఏడాదిలో అధికారి మారతారు.

అసెంబ్లీ జరిగే రోజుల్లో రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది, పొద్దున్న ఎనిమిదింటికి జవాబు కావాలి. ఆ టెన్షన్‌లో నాకు కావాల్సింది, ఫోన్ ఎత్తి "ఈ లెక్క నమ్మొచ్చు, ఆ లెక్క వేరే రాష్ట్రానిది, వాడకండి" అని చెప్పే మనిషి. అలాంటి మనిషి నాకు ఇన్నేళ్లలో ఒక్కరే దొరికారు. ఆవిడ పనిచేసే సంస్థకి ప్రాజెక్టు డబ్బు ఆగిపోయింది, ఆవిడా వెళ్లిపోయారు.

కొలమానం (కడప)

నోట్‌ఫైల్ గారూ, మీరు చెప్పిన ఫోన్ ఎత్తే మనిషిని ఉగాండాలో ఒక వ్యవస్థగానే పెట్టారు. కంపాలాలోని మకెరెరే యూనివర్సిటీలో 2010 నుంచి ఇలాంటి సేవ నడిచింది. ఆరోగ్య శాఖ వాళ్లు ప్రశ్న అడిగితే, ఉన్న పరిశోధనలన్నీ వెతికి రోజుల్లో, మహా అయితే నాలుగు వారాల్లో, జవాబు రాసిచ్చేవారు. కొత్త సర్వే ఏదీ చేయరు. తెలిసినదాన్ని సమయానికి అందించడమే వాళ్ల పని.

సర్వేసంచి గారికి ఒక మాట. రిపోర్టు చేతికిస్తే పని జరుగుతుందా అనే దాని మీదే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశోధన జరిగింది. 2005లో రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వరుసగా ప్రయోగాలు మొదలుపెట్టాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ వాటిని విశ్లేషించారు. ఒక ప్రయోగంలో 100 బడుల టీచర్లకి పిల్లల పరీక్షల మీద వివరమైన రిపోర్టులిచ్చారు. ఎవరికి ఏం వచ్చు, ఎక్కడ తడబడుతున్నారు అన్నీ అందులో రాశారు. మధ్యమధ్య వెళ్లి తరగతిలో కూర్చుని చూశారు. చూస్తున్నంతసేపూ టీచర్లు బాగా చెప్పారు. ఏడాది చివర పరీక్ష పెడితే, రిపోర్టు రాని బడుల పిల్లలకీ వీళ్లకీ తేడా లేదు.

అదే రిపోర్టులకి తోడు బోనస్ పెట్టిన బడుల్లో మాత్రం మార్కులు పెరిగాయి. మామూలుగా ఉండే మెరుగుదలని మించి సగటున పెరిగిన ఒక్కో శాతానికీ టీచరుకి 500 రూపాయలు. సగటున ఏడాది జీతంలో 3 శాతం చొప్పున వచ్చింది. రెండేళ్లకి లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) తేడా కనిపించింది. 2011లో అచ్చయిన పేపర్ ఇది.

కాబట్టి 84 పేజీలు ఇచ్చామని ఊరుకుంటే ఏమీ జరగదనడానికి రుజువు మన దగ్గరే ఉంది.

గోదారి మాస్టారు (అమలాపురం)

ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. కొలమానం బాబూ, ఆ పేపర్ నేనూ చదివించుకున్నాను. మరి అంత బాగా పనిచేస్తే ఆ బోనస్ రాష్ట్రమంతా ఎందుకు రాలేదు? ఎందుకు రాలేదో నాకు తెలుసు. జీతం, సీనియారిటీ, సంఘాలు, కోర్టు కేసులు. ఇవన్నీ 500 బడుల ప్రయోగంలో ఉండవు, 60 వేల బడులకి జీవో ఇచ్చే రోజున ఉంటాయి. ప్రయోగానికి ముందే సంఘాల నాయకుల్ని కూర్చోబెట్టి "ఇలా అయితే మీకు సమ్మతమేనా?" అని అడిగే పెద్దమనిషి కావాలి. పరిశోధకుడికి అంత తీరిక ఉండదు. అధికారి అడిగితే ఎవరూ నిజం చెప్పరు.

నా గోడు ఒకటి చెప్పుకుంటాను. మా బడికి ఓ సర్వే వచ్చింది, ఎవరిదో చెప్పను. మూడు రోజులు పిల్లల్ని వరండాలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించారు. నాలుగో తరగతి పిల్ల ఒకతి, చాలా సిగ్గరి, ఎప్పుడూ నోరు విప్పేది కాదు. సర్వేకి వచ్చిన అమ్మాయి ఓపిగ్గా కూర్చుంటే కథంతా గడగడా చదివేసింది. చదువుతుందని నాకప్పటిదాకా తెలియదు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. "ఆ పిల్లకి ఎన్ని వచ్చాయో నాకు చెప్పండమ్మా" అంటే, "చెప్పకూడదు సార్, రూల్" అంది. రూల్ ఉండొచ్చు. కానీ ఆ మూడు రోజుల్లో తెలిసినదాంట్లో ఒక్క ముక్కా మళ్లీ మా బడి గడప తొక్కలేదు.

కరువుపని బిడ్డ (అనంతపురం)

మాస్టారు చెప్పింది చదివి రాయకుండా ఉండలేకపోయాను.

సర్వేసంచి అన్నా, మీ రిపోర్టు శాఖలో ఆగిపోయిందని బాధపడుతున్నారు. ఆ ఊళ్లకి చేరిందా అని మీరు అడగనే లేదు.

మా అమ్మ కరువు పనికి (ఉపాధి హామీ పనికి) పోయేది. అప్పట్లో కూలి పోస్టాఫీసులో ఇచ్చేవాళ్లు. పాస్‌బుక్కు కొంగున ముడేసుకుని పొద్దున్నే పోతే "డబ్బు రాలేదు, ఎల్లుండి రా" అనేవాళ్లు. ఎల్లుండి పోతే ఇంకో మాట. ఆ రోజు కూలీ పోయేది, ఈ కూలీ వచ్చేది కాదు. తర్వాత స్మార్ట్‌కార్డు వచ్చింది. మా ఊరి సంఘంలోని అక్కే మిషన్ పెట్టుకుని ఇచ్చేది. పలుగు, పార పట్టిన వేళ్లు, ముద్ర పడేది కాదు. అమ్మ వేలు కొంగుకి తుడుచుకుని రెండోసారి, మూడోసారి పెట్టేది. మిషన్‌లో నుంచి చీటీ బయటికి వస్తుంటే దాన్నే చూస్తూ నిలబడేది. చీటీలో ఎంతుందో నాతో చదివించుకుని, అంత డబ్బూ చేతిలో పడ్డాకే కదిలేది.

ఆ కార్డుల మీద ఎనిమిది జిల్లాల్లో పెద్ద పరిశోధన జరిగిందనీ, అందులో మా జిల్లా కూడా ఉందనీ నాకు డిగ్రీలో తెలిసింది. అమ్మకి ఇప్పటికీ తెలియదు.

తర్వాత నేను సోషల్ ఆడిట్‌లో పనిచేశాను. మన రాష్ట్రంలో ఉపాధి హామీకి 2006 నుంచే సామాజిక తనిఖీ ఉంది, 2009లో దానికోసం వేరే సొసైటీ పెట్టారు. కూలీల ఇళ్ల పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ తిప్పుతారు. "అవ్వా, ఈ వారం ఆరు రోజులు పోయినట్లు రాసుంది, పోయినావా?" "నేను యాడ పోతినబ్బా, జొరమొచ్చి పండుకోనుంటి." ఆ మాట రాసుకుని, మండల ప్రజావేదికలో అందరి ముందూ చదువుతాం. అదీ రుజువే కదా? తేలిన డబ్బంతా రికవరీ కాలేదన్నది నిజం, నాకు దాని మీద ఎంతో కోపం ఉంది. కానీ ఏం తేలిందో ఊరికి తెలిసింది.

కొలమానం

అక్కా, మీ అమ్మగారి అనుభవం ఆ స్టడీలో అంకెల రూపంలో ఉంది. 157 మండలాలు, దాదాపు కోటీ 90 లక్షల జనాభా. కార్డు ముందుగా వచ్చే మండలాలు, ఆగి వచ్చే మండలాలు లాటరీతో నిర్ణయించారు. కార్డు వచ్చిన చోట కూలి తీసుకోవడానికి పట్టే సమయం దాదాపు ఐదో వంతు తగ్గింది, మధ్యలో మాయమయ్యే సొమ్మూ తగ్గింది. వాడినవాళ్లలో 90 శాతానికి పైగా పాత పద్ధతి కంటే ఇదే మేలన్నారు.

ఈ చివరి అంకె ఎందుకు ముఖ్యమో చెప్తాను. 2013లో ఈ పథకాన్ని ఎత్తేయాలన్న ఆలోచన గట్టిగానే సాగింది. పై దాకా వెళ్తున్నవన్నీ ఫిర్యాదులే. మిషన్ పనిచేయడం లేదు, ముద్రలు పడడం లేదు. కిందిస్థాయిలో నొక్కేసే రాబడి పోయినవాళ్లు గట్టిగా మాట్లాడగలరు. కూలి సమయానికి అందుతున్న కూలీ మాత్రం పనిగట్టుకుని సెక్రటేరియట్‌కి వచ్చి "బాగుంది సారూ" అని చెప్పదు. అలా చెప్పే గొంతు సర్వే రూపంలో వచ్చింది, పథకం నిలబడడానికి అది తోడ్పడింది.

అయితే దాన్నే పట్టుకుని వేలిముద్ర ఎక్కడైనా మంచిదేనంటే ఒప్పుకోను. దాదాపు అదే పరిశోధకుల బృందం జార్ఖండ్‌లో రేషన్‌కి ఆధార్ వేలిముద్రని పరిశీలిస్తే వేరే కథ తేలింది. దొంగతనం పెద్దగా తగ్గలేదు, ఆధార్ జోడించని కుటుంబాలకి అందే సరుకు సగటున 10 శాతం తగ్గింది. ఆంధ్ర ఫలితం చూపించి జార్ఖండ్‌లో జీవో ఇప్పించే మధ్యవర్తి ఉంటే, అసలు లేకపోవడమే మేలు.

గోదారి మాస్టారు

ఇంకో ప్రమాదం ఉంది. అదే 2005 నాటి ప్రయోగాల్లో బడికో అదనపు కాంట్రాక్టు టీచర్ని ఇచ్చారు. ఆ బడుల పిల్లలు మెరుగయ్యారు. ఆ కాంట్రాక్టు టీచర్ల జీతం రెగ్యులర్ టీచరు జీతంలో ఐదో వంతు. ఆ పేపర్ సారాంశం చదివిన పెద్దలు ఏం పట్టుకుంటారు? "ఐదో వంతు జీతంతోనే పని జరుగుతోందట." మా దగ్గర పనిచేసిన విద్యా వాలంటీర్లు సెలవుల్లో జీతం లేక పొలం పనికి వెళ్లేవారు. వాళ్ల శ్రద్ధనే వాళ్లకి తక్కువ జీతం చాలనడానికి సాక్ష్యంగా వాడుకోవడం అన్యాయం.

కొలమానం

ఆ మాట ఒప్పుకుంటాను మాస్టారూ. ఆ స్టడీ చెప్పింది "ఉన్నవాళ్లకి తోడు ఇంకొకర్ని ఇస్తే" ఏమవుతుందని. కాంట్రాక్టు టీచర్లు బడి మానడం కూడా తక్కువే, రెగ్యులర్ వాళ్లు 27 శాతం రోజులైతే వీళ్లు 18 శాతం. "రెగ్యులర్ పోస్టులు ఆపి వీళ్లతో నింపండి" అని ఆ అంకెలు చెప్పవు. పరిశోధన పత్రం తన సగం మాటే వినపడుతుంటే లేచి అభ్యంతరం చెప్పలేదు. చెప్పాల్సింది సర్వేసంచి గారిలాంటివాళ్లే, అదే శాఖతో వచ్చే ఏడాది ఎంవోయూ (ఒప్పందం) ఉన్నా సరే.

సర్వేసంచి

అది అంత తేలిక కాదు. చెప్పి ఒక ప్రాజెక్టు పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను. అయినా మీరన్నది నిజమే.

థేమ్స్ గట్టు (లండన్)

ఇక్కడ ప్రైమరీ స్కూల్లో టీచర్ని, ఊరు తెనాలి. డబ్బు సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఇంగ్లాండ్‌లో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అని 2011లో పెట్టారు. ప్రభుత్వమే మొదట్లో పెద్ద మొత్తం ఇచ్చి, ఏటేటా చెయ్యి చాచే పని లేకుండా మూలధనంగా వదిలేసింది. వాళ్లు బడుల్లో ప్రయోగాలు చేయిస్తారు, పని చేయలేదని తేలినవీ ప్రచురిస్తారు. మా స్టాఫ్‌రూమ్‌లో ఎక్కువగా చూసేది వాళ్ల టూల్‌కిట్. ప్రతి పద్ధతికీ మూడు గుర్తులుంటాయి. ఖర్చుకి పౌండు గుర్తులు, రుజువు ఎంత గట్టిదో చెప్పడానికి తాళం గుర్తులు, పిల్లలు ఎన్ని నెలల చదువు ముందుకెళ్తారో ఒక అంకె. రుజువు బలహీనంగా ఉంటే తాళాలు తక్కువ. ఐదు నిమిషాల్లో అర్థమైపోతుంది. ఇక్కడా అందరూ పాటించరు. కానీ "మాకు తెలియదు" అనే అవకాశం తగ్గింది.

తార్నాక వాసి (హైదరాబాద్)

మన ఊళ్లో ఉన్నదాన్ని మరిచిపోకండి. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది ప్రభుత్వంలోనే. పిల్లలకి విటమిన్ ఎ మోతాదు ఆరు నెలలకోసారి ఇవ్వాలన్న జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది వీళ్ల పరిశోధన మీదే. 1972లో పెట్టిన పోషకాహార పర్యవేక్షణ బ్యూరో పల్లెల్లో జనం ఏం తింటున్నారో తూచి మరీ రాసేది. 2015లో దాన్ని మూసేశారు. నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు. నలభై ఏళ్ల లెక్కలు ఉన్న చోట కొత్త అధికారి వచ్చినా పాత సంగతి చెప్పేవాళ్లు ఉంటారు.

నోట్‌ఫైల్

తార్నాక గారు చెప్పినదాంట్లోనే నా జవాబూ ఉంది. మధ్యవర్తి అంటే మనకి పెళ్లిళ్ల పేరయ్య గుర్తొస్తాడు. పెళ్లయ్యాక పేరయ్య కనపడడు. ఈ పనిలో కష్టమంతా పెళ్లయ్యాకే. జీవో వచ్చాక జిల్లాలో ఫారం ఎలా ఉండాలి, పోర్టల్‌లో గడి ఎక్కడ పెట్టాలి, ఎంఈవో (మండల విద్యాధికారి) అడిగే మొదటి ప్రశ్న ఏమిటి... వీటికి ఉండేవాళ్లు కావాలి.

సర్వేసంచి గారూ, ఒక పని చేయండి. ఆ 84 పేజీలు అలాగే ఉంచి, పైన ఒకే ఒక్క పేజీ పెట్టండి. నేను చెప్పిన నాలుగు సంగతులు. అమలు చేసేది జిల్లా అధికారి అయితే, ఏదైనా ఒక జిల్లాకి వెళ్లి ఆయనతో కూర్చుని నాలుగోది రాయించుకురండి. ఆ పేజీ కింద శాఖ సిబ్బంది పేరు కూడా ఉండాలి. సొంత మనిషి రాసింది అనిపిస్తే కొత్త మేడమ్ "ఇది ఎవరు అడిగారు?" అనరు.

సర్వేసంచి

రెండు పేజీలు చేస్తానండి. ఒకటి మీరు చెప్పినట్టు శాఖకి. రెండోది తెలుగులో, మేం తిరిగిన 46 ఊళ్లకి. కరువుపని బిడ్డ గారూ, పంచాయతీ గోడకి అంటించి ఊరుకోను, గ్రామసభలో చదివిస్తాను. మొదటి ఊరికి మీరు వస్తానంటే తేదీ మీరే చెప్పండి.

ఒక్క చోట చిక్కుకున్నాను. మా ఫలితం కూడా ప్రామాణిక విచలనాల్లోనే ఉంది. అది ఊరికి ఎలా చెప్పాలి?

కరువుపని బిడ్డ

వస్తాను. వేరుశెనగ కోతలప్పుడు వద్దు, ఎవరూ ఇంట్లో ఉండరు. సభ పొద్దుగూకినాక పెట్టండి, ఆడవాళ్లు రాగలుగుతారు.

గోదారి మాస్టారు

కొలమానం చెప్పిన 0.27నే తీసుకుని నేను మా అరుగు మీద ఇలా చెప్పాను. వందమంది పిల్లల్ని మార్కుల వరుసలో నిలబెట్టారనుకోండి. సరిగ్గా మధ్యలో, యాభయ్యో చోట ఉన్న పిల్ల దాదాపు నలభయ్యో చోటికి వస్తుంది. మిగతావాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉంటే, ఆ పిల్ల పదిమందిని దాటింది. పక్కింటి తాపీమేస్త్రి వెంటనే అన్నాడు, "మరి ఆ పదిమంది సంగతేంటి మాస్టారూ?" అని. ఆ ప్రశ్న మీ ఊళ్లలో కూడా వస్తుంది. జవాబు ఇప్పుడే ఆలోచించుకుని వెళ్లండి.